మోకీలు మార్చాలా... ఇంకాస్త ఆగాలా?

2000 అక్టోబరులో ప్రధాని వాజ్‌పేయి ముంబయి బ్రీచ్‌క్యాండీ ఆసుపత్రిలో చేరినప్పుడు దేశమంతా ఆయన మోకాలి గురించే మాట్లాడుకుంది. డాక్టర్ చిత్తరంజన్ రణావత్ అప్పుడు ఎడమ మోకీలు, 2001 జూన్‌లో కుడి మోకీలు మార్చారు. అప్పట్లో గొప్పవాళ్ల వైద్యంగా కనిపించిన ఆ ఆపరేషన్ ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ జరుగుతోంది. పెళ్లిలో నలుగురు కలిస్తే ‘వదినకు రెండూ మార్పించారట’ అన్న కబురు తప్పకుండా వినపడుతుంది. చేస్తారా అన్న సందేహం తీరిపోయింది. మనకు అవసరమా, అవసరమైతే ఎప్పుడు అన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సింది.

ఎక్స్‌రే ఒక్కటే చాలదు

‘గుజ్జు మొత్తం అరిగిపోయిందమ్మా, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి.’ డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి ఈ మాట అనగానే చాలా కుటుంబాలు ఆపరేషన్ తేదీ అడిగేస్తాయి. అరుగుదలను సున్నా నుంచి నాలుగు దాకా దశలుగా లెక్కగట్టే కెల్‌గ్రెన్-లారెన్స్ పద్ధతి 1957 నుంచీ ఉంది. కానీ ఆ దశకూ నొప్పికీ అన్నిసార్లూ పొంతన కుదరదు. నాలుగో దశలోనూ సంతకు నడిచి వెళ్లొచ్చేవాళ్లున్నారు. రెండో దశలోనే మెట్లెక్కలేక అల్లాడేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు తుంటి కీలునూ నడుమునూ కూడా చూడాలి. అక్కడి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడవచ్చు. ఎక్స్‌రే కూడా నిలబెట్టి తీసిందే అయి ఉండాలి. పడుకోబెట్టి తీస్తే కాలిపై బరువు పడదు, కీలు మధ్య ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు కొలత రోజువారీ బతుకులో ఉంది. నొప్పితో రాత్రి నిద్ర పట్టడం లేదా? వీధి చివరిదాకా నడవగలుగుతున్నారా? కాలు విల్లులా వంగిపోతోందా? మాత్రలు వేసుకున్నా పని సాగడం లేదా? వీటికి వచ్చే జవాబులు ఎక్స్‌రేతో కలిస్తేనే ఆపరేషన్ మాట ఎత్తాలి.

మూడు నెలలు గట్టిగా ప్రయత్నిస్తే...

డెన్మార్క్‌లో 100 మంది మోకాలి రోగులపై చేసిన ఓ పరిశోధన 2015లో వెలువడింది. సగం మందికి కీలు మార్చి, ఆపైన 12 వారాల వ్యాయామం, ఆహార నియమాలు, అవగాహన తరగతులు ఇచ్చారు. మిగతా సగానికి ఆపరేషన్ లేకుండా అవే ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ జరిగినవారికే ఉపశమనం ఎక్కువ. అయితే రెండో జట్టువాళ్లూ మెరుగుపడ్డారు. ఆ 50 మందిలో ఏడాదిలోగా ఆపరేషన్‌కు వెళ్లింది 13 మందే. తీవ్రమైన సమస్యలు మాత్రం ఆపరేషన్ జట్టులో 24 నమోదైతే, రెండో జట్టులో ఆరే.

ఆ వ్యాయామాలకు యంత్రాలేమీ అక్కర్లేదు. మంచం మీద కాలు చాపి, చుట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ కండరాన్ని బిగించాలి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఆ కండరం గట్టిపడితే కీలుకు ఆసరా దొరుకుతుంది. అధిక బరువున్నవారు కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. స్టిరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చే ఊరట కొన్ని వారాలే. పైగా అది చేయించుకున్నాక మూడు నెలలలోపు కీలు మారిస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

కొత్త కీలుతో కొత్త లెక్కలు

ఆపరేషన్‌లో సర్జన్ తొడ ఎముక చివర, పిక్క ఎముక పైన ఇంచుమించు సెంటీమీటరు మందాన అరిగిన భాగాన్ని కోసి లోహపు తొడుగులు బిగిస్తారు. మధ్యలో గుజ్జు స్థానంలో గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. పూర్తి మార్పిడి చేసిన మోకీళ్లలో దాదాపు 82 శాతం పాతికేళ్లు నిలుస్తున్నాయని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ అంచనా. డెబ్బై దాటాక చేయించుకుంటే మళ్లీ మార్చాల్సిన అవసరం అరుదు. యాభైల తొలినాళ్లలోనే చేయించుకున్న మగవారిలో ఆ ముప్పు మూడో వంతు దాకా ఉంది.

ఎక్కువ మందికి నొప్పి పోతుంది, కానీ అయిదుగురిలో ఒకరికి ఎంతోకొంత మిగిలిపోతుంది. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం చాలామందికి కుదరవు. నాట్లకు, కలుపుకు వెళ్లే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

అలాగని మరీ ఆలస్యం చేసినా నష్టమే. పిల్లలకు భారం ఎందుకని నొప్పిని దాచుకుని మంచానికి అతుక్కుపోయే తల్లులు మన ఇళ్లలో ఎందరో. తొడ కండ కరిగిపోయి, కాలు చాపడానికి రాని స్థితిలో ఆపరేషన్ చేస్తే కోలుకోవడం కష్టమవుతుంది. అన్నీ ప్రయత్నించి చూసిన అరవై అయిదేళ్ల మనిషికి నిద్ర కూడా కరవైతే, ఓర్చుకోమనడం అన్యాయం.

తేదీ ఖాయం చేసుకునే ముందు

2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ల ధరలకు కళ్లెం వేసింది. అంతకుముందు లక్షన్నర దాటి పలికిన కోబాల్ట్ క్రోమియం కీలుకు పన్ను కాకుండా రూ.54,720 గరిష్ఠ ధరగా నిర్ణయించింది. కాబట్టి బిల్లులో ఇంప్లాంట్ పేరు, ధర విడిగా రాయమని అడగాలి. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకం కార్డుంటే, ఈ ఆపరేషన్‌కు అది వర్తిస్తుందో లేదో, వర్తిస్తే ఏ ఆసుపత్రిలోనో ముందే కనుక్కోవాలి. మధుమేహం ఉంటే మూడు నెలల సగటు చక్కెర అదుపులోకి రావాలి. పుచ్చు పళ్లకు, కాలి పుండ్లకు ముందే వైద్యం చేయించాలి.

సర్జన్‌ను అడగాల్సినవీ ఉన్నాయి. లోపలి వైపే అరిగితే సగం కీలు మారిస్తే సరిపోతుందా? రెండు కాళ్లకూ ఒకేసారి చేస్తే నా గుండె తట్టుకుంటుందా? రోబో సాయంతో చేస్తే నాకు అదనంగా ఒరిగేదేమిటి? ఇది అత్యవసర ఆపరేషన్ కాదు కనుక మరో డాక్టరు అభిప్రాయం తీసుకునేంత వ్యవధి ఎప్పుడూ ఉంటుంది. ఈలోగా ఇంట్లో వెస్ట్రన్ కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ, వాకర్ సిద్ధం చేసుకోవాలి. మొదటి ఆరు వారాలు రోజూ వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు ఎవరో, పక్కన ఉండే మనిషి ఎవరో కూడా అప్పుడే ఖాయం చేసుకోవాలి.