చంద్రపుర మండలమున ఆశ్రమ విద్య

ఆకొన్న బిడ్డకు అన్నము పెట్టుట పుణ్యకార్యమని మన పెద్దలు చెప్పిరి. ఆ బిడ్డకు అన్నముతోపాటు అక్షరమును, అక్షరముతోపాటు తలయెత్తి బ్రదుకు తెరువును ఒసగుట అంతకంటె కష్టమైన పని. తల్లిదండ్రులను కోల్పోయినవారు, వ్యాధిగ్రస్తుల సంతానము, చూపు గాని వినికిడి గాని లేనివారు, బడి యెరుగని అడవిపల్లెల పిల్లలు, వీరందరికిని నివాసమును విద్యయును ఒక్కచోటనే కల్పించు సంస్థలకు ఆశ్రమ పాఠశాలలని పేరు. ఇట్టి ప్రయత్నములకు చంద్రపుర మండలము చిరకాలముగా ఆటపట్టు. అచ్చటి తెలుగువారు ఈ విషయమును తెలిసికొనుటకు ప్రత్యేక కారణము కలదు.

చంద్రపురమునకు పూర్వనామము చాందా. ఈ మండలపు ఎల్లలు తెలుగుదేశముతో పలుమార్లు పెనవేసికొన్నవి. ఒకప్పుడు చాందాలో చేరియున్న నూగూరు, చర్ల, ఆల్బాక ప్రాంతములు 1907లో మద్రాసు రాజధానిలోని గోదావరి మండలమునకు మారినవి. ఆదిలాబాదు మండలములోని రాజురా తాలూకా 1956లో నాందేడునకును, 1959లో చాందాకును చేరినది. ప్రాణహితా తీరమునందలి సిరొంచ నేటికిని తెలుగు వినిపించు సీమయే. అది 1982లో చంద్రపురము నుండి విడివడిన గడచిరోలి మండలమునకు చెందినది. బొగ్గుగనులలోను, బల్లార్‌పూరు కాగితపు మిల్లులోను పనిచేయ వచ్చిన తెలుగు కుటుంబములు అనేకము ఇచ్చటనే స్థిరపడినవి. కావున గోండీ, తెలుగు, మరాఠీ ఒక్క అంగడి వీథిలో కలిసి వినిపించు ప్రదేశమిది. ఇట్టిచోట బడి తెరచువాడు ‘ఏమి నేర్పవలెను’ అను ప్రశ్నకు ముందే ‘ఏ భాషలో నేర్పవలెను’ అను ప్రశ్నకు సమాధానము చెప్పవలసి యుండును.

ఈ మండలమున సేవాసంస్థలకు ఆదిపీఠము వరోరా సమీపమునందలి ఆనందవనము. మురళీధర దేవీదాస ఆమ్టే 1914లో హింగన్‌ఘాటున జన్మించెను. లోకము ఆయనను బాబా ఆమ్టే యనియే యెరుగును. న్యాయవాద వృత్తిని విడనాడి, 1949లో మహారోగి సేవాసమితిని నెలకొల్పి, 1951లో కొలదిమంది కుష్ఠువ్యాధిగ్రస్తులతో రాళ్లును ముళ్లును నిండిన నేలపై ఆనందవనమునకు అంకురార్పణ చేసెను. ఆ దినములలో కుష్ఠువ్యాధిగ్రస్తుడు ఊరిబావిని తాకరాదు, ఊరిసంతలో నిలువరాదు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము అతనిని వేరుపరచుటకు అనుమతించినది. వ్యాధిని నయముచేయు మందులు వచ్చిన పిమ్మటను ఆ చట్టము చిరకాలము నిలిచి, 2016లో మాత్రమే రద్దయినది. శరీరమునుండి వ్యాధి తొలగినను సమాజమునుండి భయము తొలగుట ఎంత ఆలస్యమో దీనివలన తెలియును.

ఆ భయము పిల్లలను ఇంకను కఠినముగా తాకును. తల్లికి వ్యాధి సోకెనన్న, ఆరోగ్యవంతుడైన బిడ్డకును బడితలుపు మూసికొనుచుండెను. ఆనందవనము దీనికి కనుగొన్న ఉపాయము విచిత్రమైనది. లోకము రోగులకు బడి పెట్టలేదు; రోగులే లోకమునకు బడి పెట్టిరి. వారి శ్రమతో ఆనందవన భూమిమీద 1964లో ఆనందనికేతన కళాశాల వెలసెను. చుట్టుపట్ల గ్రామముల యువకులు విద్యకొరకు ఆ నేలపై అడుగుపెట్టక తప్పలేదు. ఎవరిని వెలివేసిరో వారి ముంగిటికే సమాజము శిష్యరూపమున వచ్చినది. అంధులకును బధిరులకును పాఠశాలలు, వికలాంగులకు వృత్తివిద్య నేర్పు సంధినికేతనము అచ్చటనే నెలకొన్నవి. నేత, కుట్టుపని, వడ్రంగము, వ్యవసాయము ఆనందవనమున కాలక్షేపమునకు కాదు, కడుపు నిండుటకు సాగిన పనులు. దయతో పెట్టిన కూడు మనుష్యుని కుంచింపజేయును, పనిచేసి తిన్న కూడు నిలబెట్టును అనునది బాబా ఆమ్టే సిద్ధాంతము. 1967లో ఇదే మండలమున మూలు ప్రాంతమునందలి సోమనాథములో ఆయన ఆరంభించిన యువజన శ్రమశిబిరములు ఈ భావమును దేశమంతట చాటినవి.

రెండవ ప్రయత్నము అడవిలో జరిగినది. ఇంద్రావతి, పర్లకోట, పాములగౌతమి అను మూడునదులు కలియు భామ్రాగడ్ సమీపమున హేమల్‌కస యను ఊరు కలదు. నాడు అది చాందా మండలములోనిది, నేడు గడచిరోలిలోనిది. ‘పాములగౌతమి’ యను పేరే తెలుగు చెవికి చుట్టమువలె వినిపించును. 1973 డిసెంబరులో బాబా ఆమ్టే ఇచ్చట లోకబిరాదరీ ప్రకల్పమును ఆరంభించెను. ఆయన కుమారుడు ప్రకాశ ఆమ్టేయు, కోడలు మందాకినియు, ఇరువురును వైద్యులు, మాడియా గోండుల నడుమ నివసింప వచ్చిరి. వారు ముందు తెరచినది బడి కాదు, వైద్యశాల. ముందు నేర్పినది మరాఠీ కాదు, ముందు నేర్చినది మాడియా భాష. జ్వరము తగ్గించిన చేతిని నమ్మిన పిమ్మటనే తల్లి తన బిడ్డను ఆ చేతికి అప్పగించినది. అందుచే పాఠశాల మూడేండ్లకు, 1976లో, కొద్దిమంది పిల్లలతో మొదలైనది. నేడు వందలకొలది పిల్లలు అచ్చట వసించి చదువుచున్నారు. అందు చదివినవారిలో వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు కలరు. ఈ సేవకు 2008లో ప్రకాశ, మందాకినీ ఆమ్టేలకు మెగసేసే పురస్కారము లభించెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే బాబా ఆమ్టే ఆనందవనమున కన్నుమూసెను.

ఇట్టి బడిలో మొదటిదినమున బిడ్డకు ఎదురగు చిక్కును ఒక చిన్న ఉదాహరణము తెలుపును. గోండుబిడ్డ ఇంటిలో ‘రండ్, మూండ్, నాలుంగ్’ అని లెక్కించును. తెలుగుబిడ్డ ‘రెండు, మూడు, నాలుగు’ అనును. ఆ బిడ్డ లేచి బడికి పోగానే ‘దోన్, తీన్, చార్’ అని వినును. లెక్క వానికి తెలిసినదే, తెలియనిది మాట. కాని ఉపాధ్యాయునికి ఆ భేదము తెలియనిచో వానిని లెక్క రాని మందబుద్ధిగా భావించును. ఇంటికి పోవు పిల్లవాడు సాయంకాలమున తల్లితో తనమాట మాటాడి తేరుకొనును. ఆశ్రమములో నుండు పిల్లవానికి ఆ సాయంకాలము లేదు. రాత్రియు బడిభాషయే, కలలోను బడిభాషయే. కనుక మాతృభాష ఆవశ్యకత సాధారణ పాఠశాలలో కంటె ఆశ్రమ పాఠశాలలో రెట్టింపు.

ఈ సత్యమును తెలుగుదేశము చాల ముందుగానే చూచినది. చంద్రపురమునకు పొరుగుననే యున్న నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో మార్లవాయి గ్రామము కలదు. 1940లో జోడేఘాటున కుమురం భీం మరణించిన పిదప, నిజాం ప్రభుత్వము గిరిజనుల కష్టములను విచారింప మానవశాస్త్రజ్ఞుడగు హైమన్‌డార్ఫును నియోగించెను. ఆయన ప్రేరణచే 1943లో మార్లవాయియందు గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము ఏర్పడెను. గోండులే గోండుపిల్లలకు గోండీలో, నాగరలిపిలో అచ్చయిన వాచకములతో చదువు చెప్పిరి. కాని పాలనలు మారినకొలది గోండీ బోధన సన్నగిలి, ఆ స్థానమును ప్రాంతీయభాష గైకొనెను. ఆ ప్రాంతీయభాష తెలుగే.

తెలుగువారు నిదానముగా ఆలోచింపవలసిన చోటిది. చంద్రపురమున మన భాష అల్పసంఖ్యాకుల భాష. ఇచ్చటి తెలుగు పాఠశాలకు రక్షణ కావలెనని కోరునపుడు 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణమును చూపుదుము. అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యము కల్పింప యత్నించుట రాష్ట్రముల విధియని అది చెప్పుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టమును సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన యుండవలెననుచున్నది. ప్రాణహితకు ఈవల ఈ వాక్యములు మనకు కవచము. ఆవలితీరమున, తెలుగు అధికారభాషయైన చోట, అవే వాక్యములు గోండుబిడ్డకు కవచము కావలదా? గోండీ తెలుగునకు పరాయిది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి ప్రభృతులు ఈ రెండింటిని ద్రావిడభాషలలో ఒకే ఉపకుటుంబమునకు చెందినవిగా నిరూపించిరి. అక్కయైనది చెల్లెలి పీట లాగికొనుట తగదు.

పై మూడు ప్రయత్నముల నుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. ఒకటి, విశ్వాసము బడికంటె ముందు పుట్టవలెను. హేమల్‌కసలో వైద్యము ఆ పని చేసినది. రెండు, ఆశ్రమము ఆరంభమున చిన్నదిగా నుండుట మేలు. ప్రతిబిడ్డ పేరును, ఊరును, భయమును ఎరిగిన పెద్ద ఒక్కడైన లేనిచో అది సత్రమగును గాని ఇల్లు కాజాలదు. మూడు, చదువుతోపాటు చేతిపని యుండవలెను. అది శిక్షగా గాక గౌరవముగా సాగవలెను. నాలుగు, బోధకులు అచ్చటివారి నుండియే తయారు కావలెను. ఐదు, బిడ్డ తిరిగి తన ఊరికి పోగలుగవలెను. తల్లిమాట మరచి, తల్లిని చూచి సిగ్గుపడు విద్యావంతుని తయారుచేసిన ఆశ్రమము ఒక అనాథను తొలగింపలేదు. ఒక కొత్త అనాథను సృష్టించినది.

చంద్రపురమునందలి తెలుగు సంఘములు ఈ విషయమున చేయదగిన పని చిన్నదే. తమ పరిసరములందలి వసతిగృహములలో తెలుగు పలుకు పిల్లలెందరో, గోండీ పలుకు పిల్లలెందరో విచారించి తెలిసికొనుట, వారమున కకసారి వారిభాషలో కథచెప్పు పెద్దలను పంపుట, ఆ భాషలో పుస్తకములు సమకూర్చుట సాధ్యమైన కార్యములు. వీనికి గొప్ప నిధులు అక్కరలేదు. తనమాట వినిపించినపుడు దిగ్గున తలయెత్తి చూచు బిడ్డ ప్రతి ఆశ్రమమున నుండును. ఆ బిడ్డవద్దకు పోయి పలుకరించు మనుష్యుడు కావలెను.