బీడు పడ్డ నేల ఎవరిది?

మానవ శాస్త్రం అనగానే చాలామందికి పుర్రెలు, ఎముకలు, తవ్వకాలు గుర్తొస్తాయి. అవీ అందులో భాగమే. సాంస్కృతిక మానవ శాస్త్రవేత్తకు మాత్రం పని బతికున్న మనుషులతో. ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చు, పొలం ఎలా పంచుకుంటారు, జబ్బు చేస్తే ముందు ఎవరి దగ్గరికి వెళతారు, పోయినవారిని ఎలా సాగనంపుతారు అన్నవే ఆ శాస్త్రం అడిగే ప్రశ్నలు. జవాబుల కోసం ఫారాలు పంచి వెళ్లిపోతే కుదరదు. ఆ ఊళ్లోనే నెలల తరబడి ఉండాలి, వాళ్ల భాష నేర్చుకోవాలి, పెళ్లికీ చావుకీ వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవుల్లో మలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త ఇలా పనిచేశాకే ఈ పద్ధతి స్థిరపడింది.

ఇంత శ్రమపడి తెలుసుకున్నది ఎవరికి పనికొస్తుందని అడిగితే, ఆదిలాబాద్ అడవుల్లో జరిగింది చెప్పాలి.

1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాలు గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీంను కాల్చి చంపాయి. గోండుల్లో అంత అశాంతి ఎందుకు రగిలిందో తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తకు అప్పగించింది. అప్పటికే ఆయన నల్లమల చెంచుల మధ్య పనిచేసి ఉన్నాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి గూడెంలో మకాం పెట్టి, గోండీ నేర్చుకున్నాడు. నలుగురు దేవతలవాళ్లు, ఐదుగురు దేవతలవాళ్లు, ఆరుగురు, ఏడుగురు అంటూ గోండులు తమ వంశాలను ఎలా విభజించుకుంటారో, ప్రధానులనే గాయకులు కిక్రి అనే వాయిద్యం వాయిస్తూ ఆ వంశాల కథలు ఎలా పాడతారో రాసుకున్నాడు.

నేల సంగతి కూడా అక్కడే బోధపడింది. తేలికపాటి చెలకల్లో గోండులు కొన్నేళ్లు సాగుచేసి, సత్తువ తగ్గగానే వదిలేసి మరోచోట దున్నేవారు. వదిలిన చెలక కోలుకున్నాక మళ్లీ అక్కడికే వచ్చేవారు. అటవీ శాఖకు అది ఎవరిదీ కాని బీడుగా కనిపించింది, హద్దులు గీసి రిజర్వులో కలిపేసింది. మరోపక్క, కాగితాల సంగతి తెలిసిన బయటివాళ్లు మంచి భూములను తమ పేర రాయించుకున్నారు. తరతరాలుగా దున్నినవాడి చేతిలో పట్టా లేదు. ఆ నేలకు విశ్రాంతి కూడా సాగులో భాగమేనని అధికారులకు తెలియలేదు. అది తెలిసిన రైతును అడిగినవాడూ లేడు.

ఈ అధ్యయనం పుస్తకంతో ఆగిపోలేదు. గిరిజనుల వ్యవహారాల్లో ఆయన ప్రభుత్వానికి సలహాదారు అయ్యాడు. ఆ దశాబ్దంలో గోండులకు, కొలాములనే మరో తెగవారికి లక్ష ఎకరాలకు పైగా పట్టాలు అందాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి.

హైమన్‌డార్ఫ్ పాలకుల మనిషి అన్న విమర్శ ఉంది. అది న్యాయమైనదే, ప్రభుత్వానికి కావలసింది అడవిలో ప్రశాంతత. కానీ భీం తిరుగుబాటు లేకుంటే ఆ ప్రభుత్వం వినేదే కాదు, గూడెంలో ఉండి రాసినవాడు లేకుంటే ఏం చేయాలో దానికి తెలిసేది కాదు. 1970ల్లో ఆయన తిరిగి వచ్చేసరికి ఆ పట్టా భూముల్లో చాలావరకు మళ్లీ బయటివాళ్ల చేతుల్లోకి పోయాయి. దాన్నీ దాచకుండా 1982లో పుస్తకంగా వెలువరించాడు.

ఇలాంటి అవసరం ఒక్క అడవుల్లోనే రాదు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వ్యాపించినప్పుడు, సిబ్బంది శవాలను సంచుల్లో పెట్టి తీసుకుపోతుంటే కుటుంబాలు వాటిని దాచిపెట్టాయి. పోయినవారికి స్నానం చేయించి సాగనంపడం అక్కడ తప్పనిసరి బాధ్యత. మానవ శాస్త్రవేత్తలు ఆ మాట వివరించాక, దూరం నుంచే ప్రార్థన, వీడ్కోలు జరిగేలా అంత్యక్రియల నియమాలు మార్చారు.

ఈ మానవ శాస్త్రాన్నే సివిల్స్‌లో ఆంత్రోపాలజీ పేరుతో ఆప్షనల్‌గా ఎంచుకునే తెలుగు అభ్యర్థులు ఉన్నారు. వారికో మాట: మీరు రేపు అధికారులవుతారు, భూమి రికార్డులు మీ ముందుకే వస్తాయి. సంతకం పెట్టేముందు ఆ గూడేనికి వెళ్లండి, దున్నేవాడిని అడగండి.