తీగల వంతెన వెలుగుల్ని పట్టేద్దామా!

దుర్గం చెరువు తీగల వంతెన ఫొటో లేని ఫోన్ హైదరాబాద్‌లో అరుదేమో! 2020 సెప్టెంబరులో ప్రారంభమైనప్పటి నుంచీ, రాత్రయితే చాలు రంగురంగుల దీపాలతో అది పోజులిస్తూనే ఉంది. కానీ మనం తీసే చాలా ఫొటోల్లో దీపాల చోట తెల్లటి మచ్చలు, ఆకాశం చోట మసి, నీళ్ల చోట గరుకు చుక్కలే మిగులుతాయి. అదే వంతెనని వేరేవాళ్లు తీస్తే కార్లు మాయమై, వాటి దీపాలు ఎర్రటి, పచ్చటి దారాల్లా సాగుతాయి. చెరువేమో అద్దంలా నున్నగా ఉంటుంది. తేడా కెమెరా ఖరీదులో కన్నా షట్టర్‌ని ఎంతసేపు తెరిచి ఉంచారన్నదాంట్లోనే ఎక్కువ. దీన్నే లాంగ్ ఎక్స్‌పోజర్ అంటారు. మాదాపూర్‌లో కోడ్ రాసుకునే నాలాంటివాళ్లకి ఆఫీసయ్యాక దీన్ని నేర్చుకోవడానికి ఇంత దగ్గర్లో ఇంకో బడి లేదు.

వంతెన మీద వద్దు, ఒడ్డున నిలబడండి

ముందు చోటు సంగతి. రోడ్డు మీద బండి ఆపి ఫొటోలు తీసుకోవడం ఇక్కడ కుదరదు, పోలీసులు ఒప్పుకోరు. అది ఊరికే పెట్టిన రూలు కాదు. 2024లో ఇక్కడే సెల్ఫీ తీసుకుంటున్నవాళ్లని కారు ఢీకొట్టడంతో ఒక ప్రాణం పోయింది. చీకట్లో ట్రైపాడ్ పెట్టుకుని స్క్రీన్‌లోకి చూస్తూ ఉండేవాళ్లకి వెనక నుంచి వచ్చే బండి అస్సలు తెలియదు.

ఫొటో కోసమే ఆలోచించినా వంతెన మీద లాభం లేదు. బస్సు వెళ్లినప్పుడల్లా కాళ్ల కింద సన్నగా అదురుతుంది. 20 సెకన్ల ఫొటోకి ఆ అదురు చాలు, గీతలన్నీ రెండు రెండుగా పడిపోతాయి. చెరువు ఒడ్డున నడిచే దారి నుంచైతే తీగలు, వంతెన, నీళ్లలో నీడ మూడూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. మూసేసే వేళ ఎప్పుడో, ట్రైపాడ్ పెట్టనిస్తారో లేదో అక్కడి సెక్యూరిటీ వాళ్లని ముందే అడగండి.

లెక్క తెలిస్తే సగం పని అయినట్టే

ఐఎస్ఓ 100, 200, 400, 800... ఇవి రెండేసి రెట్లు పెరుగుతాయి. ముందు ఐఎస్ఓ 3200, అపర్చర్ ఎఫ్/8 పెట్టి ఒక ట్రయల్ ఫొటో తీయండి. అర సెకనులో వెలుగు సరిపోయిందనుకుందాం. ఇప్పుడు ఐఎస్ఓని 100కి దించితే ఐదుసార్లు సగం చేసినట్టు. అంటే సమయం 32 రెట్లు కావాలి. అర సెకను కాస్తా 16 సెకన్లు అవుతుంది. చుక్కలు పోయి ఫొటో నున్నగా వస్తుంది.

కార్ల గీతలకీ ఇలాంటి లెక్కే ఉంది. వంతెన ప్రధాన భాగం, అంటే రెండు స్తంభాల మధ్య దూరం, సుమారు 234 మీటర్లు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకి 11 మీటర్లు కదులుతుంది. ఆ దూరం దాటడానికి దానికి 21 సెకన్లు పడుతుంది. ఒకే కారు గీత ఈ చివర నుంచి ఆ చివరకి రావాలంటే అంత సమయం ఇవ్వాల్సిందే. ఆఫీసులు వదిలే వేళ ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి కాబట్టి 10 సెకన్లకే గీతలు కలిసిపోతాయి.

ఆకాశం నీలంగా ఉండేది 20 నిమిషాలే

పూర్తిగా చీకటి పడేదాకా ఆగకండి. సూర్యుడు దిగిన తర్వాత సుమారు 15 నుంచి 35 నిమిషాల మధ్య ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. వంతెన దీపాలకీ ఆకాశానికీ వెలుగు సరితూగేది అప్పుడే. ఆ తర్వాత మిగిలేది నలుపు.

కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే, 20 సెకన్ల ఫొటో తర్వాత ఇంకో 20 సెకన్లు అది తన పని తాను చేసుకుంటుంది. అంటే 20 నిమిషాల్లో మహా అయితే 30 ఫొటోలు. అందుకే ఫ్రేమ్, ఫోకస్ అన్నీ వెలుగు ఉండగానే సెట్ చేసుకోవాలి. స్తంభం మీద ఒక దీపాన్ని స్క్రీన్‌లో పెద్దది చేసి చూసి, మాన్యువల్‌గా ఫోకస్ చేసి, ఇక ముట్టుకోకండి. షట్టర్ వేలితో నొక్కితే కెమెరా కదులుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయండి. గాలి ఉంటే బ్యాగుని ట్రైపాడ్‌కి తగిలించండి, కాకపోతే అది ఊగకుండా నేలకి ఆనేలా చూడండి.

రంగులు మారితే ఏం చేయాలి?

ఈ వంతెనతో అసలు చిక్కు ఇదే. ఎల్ఈడీ రంగులు మారుతూ ఉంటాయి. షట్టర్ తెరిచి ఉండగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వస్తే ఫొటోలో అవి కలిసిపోయి వెలిసిన తెలుపవుతుంది. కాబట్టి ముందు ఐదు నిమిషాలు కెమెరా పక్కన పెట్టి, ఒక్కో రంగు ఎన్ని సెకన్లు నిలుస్తుందో లెక్కపెట్టండి. ఎనిమిది సెకన్లు నిలిస్తే ఆరు సెకన్ల ఫొటో తీయండి. అందుకు అపర్చర్ కాస్త తెరవాలి, లేదా ఐఎస్ఓ పెంచాలి. పొడవాటి గీతలే కావాలంటే, ఒకే రంగున్నప్పుడు తీసిన నాలుగైదు ఫొటోల్ని తర్వాత కంప్యూటర్‌లో కలుపుకోవచ్చు.

ఫోన్‌తో అవుతుందా?

అవుతుంది. అయితే నైట్ మోడ్‌ని నమ్ముకోకండి. అది చాలా ఫొటోలు తీసి కలిపి, కదిలేవాటిని తీసేయాలని చూస్తుంది. మనకి కావల్సింది ఆ కదలికే కదా! చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రో మోడ్‌లో షట్టర్ 10 నుంచి 30 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. ఫోన్ అపర్చర్ సాధారణంగా మారదు కాబట్టి ఐఎస్ఓని అన్నిటికన్నా కిందకి దించండి. ఫోన్ హోల్డర్ ఉన్న చిన్న ట్రైపాడ్ ఉంటే చాలు.

హైదరాబాద్‌లో లేరా? విజయవాడలో ప్రకాశం బ్యారేజీ, రాజమహేంద్రవరంలో గోదావరి మీద ఆర్చ్ వంతెన ఉన్నాయి. ఆర్చ్ వంతెన మీద రైలు వెళ్తుండగా షట్టర్ తెరిచి ఉంచితే, కిటికీల వెలుగంతా కలిసి నదికి అడ్డంగా ఒకే గీత అవుతుంది. రైలు టైము చూసుకుని, పది నిమిషాలు ముందే గట్టు మీద చేరి ఫోకస్ చేసుకోండి. అది మళ్లీ వచ్చేదాకా ఆకాశం నీలంగా ఉండదు మరి!