ఓడరేవు నుండి చిచెన్ ఇట్జాకు

మెక్సికో దేశపటమును చూచినచో, ఆగ్నేయదిశయందు బొటనవ్రేలివలె సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన భూభాగ మొకటి కానవచ్చును. అది యుకటాన్ ద్వీపకల్పము. దాని పడమటి, ఉత్తరపు ఒడ్డులను మెక్సికో సింధుశాఖయు, తూర్పు ఒడ్డును కరేబియన్ సముద్రమును ఒరసికొని యుండును. వేయి సంవత్సరములకు పూర్వమే ఈ గడ్డపై మాయా ప్రజలు మహానగరములు నిర్మించిరి. నేడు ఆ శిథిలములను చూచుటకు వచ్చువారిలో పెక్కుమంది విహారనౌకలలో సముద్రమార్గమున వచ్చుచున్నారు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని గాల్వెస్టన్ వంటి రేవులనుండి బయలుదేరు ఈ నౌకలలో వేలకొలది ప్రయాణికులుందురు. టెక్సాస్ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారును సెలవులలో ఈ ఓడల నెక్కుట కలదు.

నౌక ఉదయమున రేవులో నిలిచి, సాయంకాలమున లంగరెత్తును. ఆ నడిమికాలములో ఒడ్డునకు దిగి, చూడదగిన తావునకు పోయి, ఓడ కదలకముందే తిరిగి వచ్చుటకు తీరయాత్ర యని పేరు. వినుటకు సులభముగనే యున్నది. కాని లెక్క వేసి చూడుడు. ప్రోగ్రెసో రేవునుండి చిచెన్ ఇట్జా శిథిలనగరమునకు సుమారు 150 కిలోమీటర్ల దూరము. బస్సులో పోవుటకు రెండు గంటలు, వచ్చుటకు రెండు గంటలు. శిథిలముల నడుమ గడుపుటకు మిగులునది ఇంచుమించు రెండు గంటలు మాత్రమే. నౌకవారు ఏర్పాటు చేసిన బస్సు దారిలో ఆలస్యమైనచో సాధారణముగా ఓడ దానికొరకు నిలుచును. సొంత ఏర్పాటుపై పోయినవారి కొరకు నిలువదు. ఓడలోని గడియారమునకును ఒడ్డునందలి గడియారమునకును ఒక గంట తేడా యుండుటయు కలదు గనుక, తెలిసినవారు ఓడ వేళనే నమ్ముకొందురు. ఇంత తొందరలో పోవువారు ఏమి చూడవలెనో ముందుగా తెలిసికొని పోవుట మేలు. తెలియక పోయినవారికి అచట రాళ్లు తప్ప మరేమియు కానరావు.

వింత రేవునందే మొదలగును. ప్రోగ్రెసో రేవుకట్ట సముద్రములోనికి సుమారు 6.5 కిలోమీటర్ల దూరము సాగియున్నది. ఇంత పొడవేల? యుకటాన్ నేల యంతయు సున్నపురాయి. ఆ రాతిపలక సముద్రము క్రిందను అతిమెల్లగా వాలుచు పోవుటచే, ఒడ్డునుండి ఎంతదూరము పోయినను నీరు లోతుగా నుండదు. పెద్దయోడకు కావలసిన లోతు దొరకువరకు కట్టను పొడిగింపక తప్పలేదు.

రేవునకు తూర్పున కొలది కిలోమీటర్లలో చిక్షులుబ్ అను ఊరు కలదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతముననే ఆకాశమునుండి ఒక గ్రహశకలము వచ్చి పడెను. రాక్షసబల్లులు నశించుటకు ఆ యుత్పాతమే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అప్పుడు పడిన గుంట వ్యాసము సుమారు 180 కిలోమీటర్లు. కాలక్రమమున దానిపై సున్నపురాయి పేరుకొనుటచే అది నేడు కంటికి కనబడదు. అయినను దాని అంచు వెంబడి రాతిపొర అచటచట క్రుంగి, నీటితో నిండిన సహజకూపములు వలయాకారముగా ఏర్పడియున్నవి. ఇట్టి కూపములను సెనోటీలందురు. ఓడ దిగి బస్సెక్కిన ప్రయాణికుడు తానింత గొప్ప గుంటను దాటిపోవుచున్నానని ఎరుగనే యెరుగడు.

సెనోటీలు వలయమునకు వెలుపలను అనేకము కలవు. యుకటాన్ ఉత్తరభాగమున భూమిపై పారు నది యొక్కటియు లేదు. వాననీరు రాతిలో నింకి భూగర్భమున ప్రవహించును. కావున సెనోటీ యున్నచోటనే ఊరు. చిచెన్ ఇట్జా అను పేరునకు ఇట్జా జనుల బావియొడ్డు అని యర్థము.

మాయా యను పేరు విని, పాండవులకు సభను నిర్మించిన మయుడే వీరి మూలపురుషుడని వాదించువారు మనలో లేకపోలేదు. రెండు పదములు ఒకే తీరున వినబడినంత మాత్రమున చుట్టరికము సిద్ధింపదు. ఆ దేశముతో మనకు గల నిజమైన సంబంధము వేరొకటి కలదు. అది వంటింటిలోను పెరటిలోను నున్నది. మిరపకాయ, బొప్పాయి, సపోటా మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతముల పంటలే. సముద్రములు దాటి మన నేల చేరినవి. బస్సు పోవు దారికి ఇరుప్రక్కల అడవులలో సపోటా చెట్లు సహజముగా పెరుగును. దాని గట్టి కలపను మాయా శిల్పులు దేవాలయద్వారములపై దూలములుగా అమర్చిరి. వేయి సంవత్సరములకు పైగా గడచినను కొన్ని నగరములలో ఆ దూలములు నేటికిని నిలిచియున్నవి.

చిచెన్ ఇట్జా ఆవరణము ప్రవేశించిన వారి కన్నులు మొట్టమొదట నడిమి మైదానమునందలి మెట్టకట్టడముపై పడును. ఇది కుకుల్కాన్ అను దేవుని ఆలయము. ఈకలు గల సర్పమే ఆ దేవుని రూపము. తొమ్మిది అంతస్తులుగా పైకి పోనుపోను సన్నమగు ఈ కట్టడము, శిఖరమునందలి గుడితో కలిపి, సుమారు 30 మీటర్ల యెత్తు. నాలుగు వైపులను మెట్లు కలవు. ఒక్కొక్క వైపున 91 చొప్పున 364. పైనున్న వేదికను కలిపినచో 365. ఇది సంవత్సరమునందలి దినముల సంఖ్య. ఇనుపపనిముట్లు గాని, బండిచక్రములు గాని, బరువులాగు పశువులు గాని లేకుండ, రాతి ఉలులతోను మనుష్యుల భుజబలముతోను వారు దీనిని నిలిపిరి. 1930 తరువాతి సంవత్సరములలో లోపల త్రవ్వి చూడగా, దీని గర్భమున మరియొక పాత ఆలయ మున్నట్లు తెలిసెను. అందు ఎర్రరంగు పూసి, పచ్చరాళ్లు పొదిగిన చిరుతపులి ఆకారపు సింహాసనము దొరకెను. 2006 నుండి ఈ మెట్లెక్కుట నిషేధింపబడినది. ఎక్కలేకపోతిమని విచారించువారు కలరు; మెట్ల నిటారుదనమును చూచినచో విచారింప పనిలేదు.

మార్చి, సెప్టెంబరు నెలలలో పగలును రాత్రియు సమానముగా నుండు రోజులలో, సాయంకాలపు ఎండ అంతస్తుల అంచులపై పడి, ఉత్తరపు మెట్ల ప్రక్కగోడపై వెలుగునీడల త్రికోణములను గీయును. గోడ పాదమున రాతితో చెక్కిన పాము తల యున్నది. త్రికోణము లన్నియు ఆ తలతో కలిసి, సర్పము దిగివచ్చుచున్నట్లు తోచును. దీనిని శిల్పులు ముందుగా నెంచియే కట్టిరా, లేక తనంతట కుదిరినదా యను విషయమున పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. మెట్లయెదుట నిలిచి చప్పట్లు కొట్టినచో పక్షికూతవంటి ప్రతిధ్వని వినబడుట మాత్రము ఏ రోజున పోయినవారికైనను దక్కును.

ఇంత కాలగణనము వారికెట్లు సాధ్యమైనది? వారికి సున్న తెలియును. ఒక చుక్క ఒకటి. ఒక అడ్డుగీత అయిదు. గవ్వవంటి గుర్తు సున్న. అడ్డుగీతపై మూడు చుక్కలుంచినచో ఎనిమిది. మనము పదులతో స్థానములు లెక్కించునట్లు వారు ఇరువదులతో లెక్కించిరి. గవ్వపై ఒక చుక్క నుంచినచో అది ఇరువది. భారతీయులు సున్నను కనుగొనిరని మనము గర్వించుట న్యాయమే. మాయా ప్రజలును ఎవరి సాయమును లేకుండ దానిని కనుగొనిరని యెరుగుట అంతకంటె న్యాయము. వారి సంవత్సరమునకు ఇరువది దినముల నెలలు పదునెనిమిదియు, పైన అయిదు దినములును. ఇదిగాక 260 దినముల పవిత్రగణనము వేరుగా నుండెను. రెండును కలిసి బయలుదేరినచో మరల అదే స్థానమున కలిసికొనుటకు 18,980 దినములు, అనగా 52 సంవత్సరములు పట్టును. మన ప్రభవాది షష్టిపూర్తివలె వారికిది యొక చక్రము.

బంతియాట మైదానము 168 మీటర్ల పొడవు గలది. ఇరుప్రక్కల నిలువుగోడలు, వానిపై చాల యెత్తున రాతివలయములు. రబ్బరుబంతిని చేతితో పట్టక ఆడుట అచటి పద్ధతి. గోడపై ఒక ఆటగాని శిరస్సు ఖండింపబడినట్లు చెక్కియున్నది. మార్గదర్శకులు కొందరు ఓడినవానిదనియు, కొందరు గెలిచినవానిదనియు చెప్పి జనమును భయపెట్టుదురు. శిల్పము ఆ సంగతి చెప్పదు.

మైదానమునకు ఉత్తరమున తెల్లనిబాట యొకటి పవిత్రకూపమునకు పోవును. సుమారు 60 మీటర్ల వెడల్పు గల ఆ బావిలో వర్షదేవుడైన చాక్ ప్రీతికొరకు బంగారము, పచ్చరాళ్లు, ధూపద్రవ్యము వేసెడివారు. మనుష్యులను సైతము బలి యిచ్చిరి. 1904 మొదలుకొని ఎడ్వర్డ్ థాంప్సన్ అను అమెరికను బావి అడుగును త్రవ్వించి, దొరకిన వస్తువులలో అనేకమును హార్వర్డు విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలకు పంపెను. వానిలో కొన్ని తరువాత మెక్సికోకు తిరిగి యీయబడినవి. బావికి చేరువన 1967లో ఒక భూగర్భపు తొట్టియందు బాలుర యస్థికలు బయటపడినవి. వానిలో 64 మంది యస్థికలను పరీక్షించి 2024లో శాస్త్రజ్ఞులు ఫలితములు ప్రకటించిరి. ఆ బాలుర వంశలక్షణములు నేడు ఆ ప్రాంతపు గ్రామములో నివసించు మాయా ప్రజల లక్షణములతో సరిపోయినవి.

ఈ ఫలితము ముఖ్యమైనది. ఏలయన, మాయా జాతి మాయమైపోయినదను మాట పుస్తకములలోను, యాత్రికుల నోటను తరచుగా వినబడుచుండును. దక్షిణపు అడవులలోని నగరములు తొమ్మిదవ శతాబ్దమున అనావృష్టిచేతను, యుద్ధములచేతను పాడుపడుట నిజము. అప్పుడు చిచెన్ ఇట్జా వర్ధిల్లుచునే యుండెను. పిదప అదియు క్షీణించెను. నగరములు పోయినవి గాని జనులు పోలేదు. పోయినది వారి గ్రంథసంపద. అదియు తనంతట పోలేదు.

మాయా గ్రంథములు మర్రిజాతి చెట్ల నారబెరడుపై సున్నపుపూత పూసి వ్రాసిన మడతల పుస్తకములు. 1562 జూలై 12న మానీ యను ఊరిలో దియేగో దె లాండా అను స్పెయిన్ దేశపు క్రైస్తవసన్యాసి వానిని ప్రోగు చేయించి తగులబెట్టించెను. అవి కాలుచుండగా ప్రజలు మిక్కిలి దుఃఖించిరని ఆయనయే వ్రాసికొనెను. తక్కిన చోట్లను గ్రంథములు నశించి, నేడు లోకమున మిగిలినవి నాలుగే. వ్రాయువారును చదువువారును లేకపోవుటచే లిపి మూగవోయెను.

విచిత్రమేమనగా, ఆ లిపికి తాళపుచెవియు లాండాయే విడిచిపోయెను. ఆయన ఒక మాయావానిని ఎదుట కూర్చుండబెట్టుకొని, స్పెయిన్ అక్షరముల నొక్కటొక్కటిగా పలికి, దీనికి మీ గుర్తేదని యడిగి వ్రాసికొనెను. అతడు తనకు వినబడిన ధ్వనికి సరియైన గుర్తును వ్రాసియిచ్చెను. ఆ పట్టికను పండితులు చాలకాలము పనికిమాలినదని త్రోసివేసిరి. 1952లో లెనిన్‌గ్రాడు నగరమున యూరీ క్నోరోజోవ్ అను సోవియట్ పండితుడు, ఆ గుర్తులు విడి హల్లులు కావనియు, మన గుణింతపు అక్షరములవలె హల్లును అచ్చును కలిసినవనియు గుర్తించెను. టర్కీకోడి బొమ్మపై రెండు గుర్తులుండగా వానిని కు, ట్సు అని చదివెను. మాయా భాషలో ఆ కోడికి కుట్స్ అని పేరు. కుక్క బొమ్మపై ట్సు, లు అని యుండెను. కుక్కకు ట్సుల్ అని పేరు. రెండుచోట్లను ట్సు గుర్తు ఒక్కటియే. అప్పటికాయన మాయా దేశమున అడుగైన పెట్టలేదు. ఈ ఫలితమును మొదట పలువురు అంగీకరింపకపోయినను, క్రమముగా లిపి విప్పబడెను. రాజుల పేర్లు, పట్టాభిషేకములు, యుద్ధములు రాళ్లనుండి మాటలాడసాగెను.

ఈ చదువు సాధ్యమగుటకు కారణము ఆ భాష నేటికిని జీవించియుండుటయే. బ్రదికియున్న భాషలో కోడికి కుట్స్ అను పేరు లేకున్నచో ఆ గుర్తుల నెవరు చదువగలరు? మెక్సికోలో యుకటాన్ మాయా భాష మాటలాడువారు 7 లక్షలకు పైగా కలరు. 1847లో వీరు తమ్మేలువారిపై తిరుగుబాటు చేసి, అర్ధశతాబ్దమునకు పైగా పోరాడిరి. వారి ఇండ్లలో నేడును మొక్కజొన్నగింజలను సున్నపునీటిలో ఉడికించి, రుబ్బి, రొట్టెలు కాల్చుదురు.

తీరయాత్రకు వచ్చినవారు శిథిలములనుండి బయటికి పోవు బాటపై చెక్కబొమ్మలు, కుట్టుపని చేసిన తెల్లని రవికెలు అమ్మువారిని చూచి, బస్సు వేళ యగుచున్నదని త్వరపడుదురు. ఆ దుకాణదారులలో పలువురు తమలో తాము మాటలాడుకొనునది మాయా భాషయే. ఆ భాషలో కుశలప్రశ్న బిష్ అ బేల్. నీ దారి యెట్లున్నదని దాని యర్థము. బాగున్నదనుటకు మాలోబ్ అని బదులు చెప్పుదురు.