చుట్టూ వినిపించే ధ్వని

కంటికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. చెవికి ఆ పరిమితి లేదు. వెనుక నుండి ఎవరైనా పిలిస్తే, తల తిప్పకముందే ఆ పిలుపు ఏ దిక్కు నుండి వచ్చిందో మనకు తెలిసిపోతుంది. కుడివైపు పుట్టిన శబ్దం కుడిచెవిని ముందుగా తాకుతుంది. సెకనులో వెయ్యోవంతు కూడా గడవకముందే ఎడమచెవిని చేరుతుంది. ఈ స్వల్ప వ్యవధినీ, రెండు చెవులకూ అందే తీవ్రతలోని తేడానూ మెదడు లెక్కగట్టి దిక్కును నిర్ణయిస్తుంది. ఇంట్లో కూర్చుని సినిమా చూస్తున్నప్పుడు వాన మన చుట్టూ కురుస్తున్నట్లు అనిపించడానికి మెదడుకున్న ఈ శక్తే ఆధారం.

హోమ్ థియేటర్‌లో ఈ అనుభూతిని కలిగించే ప్రధాన పరికరం రిసీవర్. డిస్కు ప్లేయర్, టెలివిజన్, సెట్‌టాప్ బాక్సు వంటి సాధనాల నుండి వచ్చే సంకేతాన్ని అది గ్రహిస్తుంది. ఆ సంకేతం ఏ రూపంలో ఉందో గుర్తించి, విడదీసి, బలపరచి స్పీకర్లకు పంచుతుంది. దాని రిమోట్‌పై స్టీరియో, డాల్బీ డిజిటల్, డీటీఎస్, ప్రో లాజిక్, హాల్, స్టేడియం, డైరెక్ట్ అంటూ పది పదిహేను పేర్లు కనిపిస్తాయి. కొన్నవారిలో చాలామంది ఒక్కొక్క మీటనూ నొక్కి చూసి, ఏది ఎక్కువ ఘనంగా మోగితే దాన్నే స్థిరపరచుకుంటారు. కాని ఈ పేర్లన్నీ ఒకే జాతివి కావు. కొన్ని ముద్రణలో ఉన్న ధ్వనిని ఉన్నది ఉన్నట్లుగా విడదీసేవి. కొన్ని ముద్రణలో దాగి ఉన్నదాన్ని వెలికితీసేవి. మరికొన్ని ముద్రణలో లేనిదాన్ని కల్పించి చేర్చేవి. ఈ భేదం తెలియకపోతే ఎంత ఖరీదైన పరికరం కొన్నా ప్రయోజనం ఉండదు.

కొన్నేళ్ళ క్రితం నా మిత్రుడొకరు ఎంతో ముచ్చటపడి ఆరు స్పీకర్ల హోమ్ థియేటర్ కొన్నారు. అమ్మినవారే వచ్చి బిగించి వెళ్ళారు. ఏడాది తరువాత నేను వారింటికి వెళ్ళినప్పుడు కొత్త సినిమా పెట్టి చూపించారు. నాయకుడూ, నాయకుని తల్లీ ఎదుట తెరమీద మాట్లాడుకుంటూ ఉంటే, ఆ మాటలు నా వీపు వెనుక ఉన్న స్పీకర్లలో కూడా వినిపిస్తున్నాయి. తరువాత ఒక ఘంటసాల పాట పెట్టారు. ఆ గంభీరమైన గొంతు ఎక్కడో నూతిలో నుండి వస్తున్నట్లు తోచింది. “ఎలా ఉంది?” అని ఆయన ఆశగా అడిగారు. నేను జవాబు చెప్పకుండా రిసీవర్ వెనుకకు వెళ్ళి చూశాను. ప్లేయర్‌నూ రిసీవర్‌నూ కలుపుతున్నవి ఎరుపు, తెలుపు కొసలున్న రెండు తీగలు మాత్రమే. రిసీవర్ ముఖంపై ‘హాల్’ అనే అక్షరాలు వెలుగుతున్నాయి. ఆ ఇంటివారు ఏడాదిపాటు ఏమి విన్నారో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి.

తొలినాళ్ళ ధ్వనిముద్రణకు ఒకే మార్గం ఉండేది. ఈ మార్గాన్నే ఛానల్ అంటున్నాం. పాత్ర తెరపై ఎడమన ఉన్నా కుడిన ఉన్నా గొంతు ఒకే చోటు నుండి వచ్చేది. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు అలన్ బ్లమ్‌లీన్ ఈ లోపాన్ని సరిదిద్దే స్టీరియో పద్ధతిని రూపొందించి 1931లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. డిస్నీ సంస్థ 1940లో విడుదల చేసిన ఫాంటాసియా చిత్రానికి కొన్ని థియేటర్లలో తెరవద్దనే కాక ప్రేక్షకుల చుట్టూ కూడా స్పీకర్లు అమర్చింది. ఆ ఏర్పాటుకు అయిన ఖర్చు మూలంగా అది విస్తరించలేదు. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రమైన సింహాసనం 1986లో ఆరు మార్గాల స్టీరియో ధ్వనితో వచ్చింది.

మార్గాలు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది. సాధారణమైన 35 ఎం.ఎం. ఫిల్ము అంచున ధ్వనికి ఉన్న చోటు రెండు సన్నని గీతలకే సరిపోతుంది. ఈ చిక్కును విప్పినది రే డాల్బీ స్థాపించిన సంస్థ. ఆయన 1963 నుండి రెండేళ్ళపాటు ఐక్యరాజ్యసమితి సలహాదారుగా మన దేశంలో పనిచేసి, 1965లో లండన్ వెళ్ళి ఆ సంస్థను ప్రారంభించాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1970లలో ఆ సంస్థ, ఎడమ, మధ్య, కుడి, వెనుక అనే నాలుగు మార్గాల ధ్వనిని రెండు గీతల్లో ఇమిడ్చింది. 1977 నాటి స్టార్ వార్స్ చిత్రంతో ఆ పద్ధతికి ప్రపంచ ఖ్యాతి వచ్చింది.

నాలుగింటిని రెండింటిలో ఇమడ్చడం ఎలా సాధ్యం? ఇందులోని యుక్తి కూడిక, తీసివేతలే. మధ్యన వినిపించవలసిన సంభాషణను ఎడమ, కుడి మార్గాలు రెండింటిలోనూ సమానంగా కలుపుతారు. వెనుక వినిపించవలసిన ధ్వనిని కూడా రెండింటిలోనూ కలుపుతారు కాని, ఒకదానిలో తరంగ శృంగం ఉన్నచోట రెండవదానిలో ద్రోణి వచ్చేటట్లు, అంటే వ్యతిరేక దశలో కలుపుతారు. ఒకానొక క్షణాన సంభాషణ విలువ 5, వెనుక ధ్వని విలువ 2 అనుకుందాం. అప్పుడు ఎడమ మార్గంలో 5కు 2 కలిపి 7, కుడి మార్గంలో 5 నుండి 2 తీసి 3 ఉంటాయి. ఇంట్లోని రిసీవర్ ఆ రెండింటినీ కూడితే 10 వస్తుంది. వెనుక ధ్వని రద్దయి సంభాషణ మాత్రమే రెట్టింపుగా మిగిలింది. ఒకదాని నుండి ఒకటి తీసివేస్తే 4 వస్తుంది. ఈసారి సంభాషణ రద్దయి వెనుక ధ్వని మిగిలింది. చిన్నతరగతి లెక్కతో ఇంత పని జరుగుతుందంటే ఆశ్చర్యమే.

అయితే ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. ఎడమన మాత్రమే వినిపించవలసిన శబ్దాన్ని తీసుకోండి. ఎడమ మార్గంలో 6, కుడి మార్గంలో 0. కూడినా 6, తీసివేసినా 6. అంటే ఎడమ శబ్దం మధ్య స్పీకరులోకీ, వెనుక స్పీకర్లలోకీ కూడా చొరబడుతుంది. 1987లో వచ్చిన ప్రో లాజిక్ పద్ధతి ఏ క్షణాన ఏ దిక్కు ధ్వని ప్రబలంగా ఉందో కనిపెట్టి, మిగిలిన దిక్కులలో దాన్ని అణచివేయడం ద్వారా ఈ లోపాన్ని చాలావరకు సవరించింది. 2000లో వచ్చిన రెండవ ప్రో లాజిక్ వెనుక ధ్వనిని కూడా ఎడమ, కుడిలుగా విడదీసి, మామూలు స్టీరియో పాటలకు సైతం పనికివచ్చేటట్లు రూపొందింది. ఇవన్నీ దాగి ఉన్నదాన్ని వెలికితీసే జాతికి చెందినవి. కొంత ఊహ ఉన్నా ఆ ఊహకు ముద్రణే ఆధారం.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. పాతకాలపు ఏకమార్గ గీతాన్ని ప్రో లాజిక్‌లో వింటే మధ్య స్పీకరు తప్ప మిగిలినవన్నీ మౌనం వహిస్తాయి. ఎడమ, కుడి విలువలు ఎప్పుడూ సమానమే కనుక తీసివేత ఫలితం సున్నా. యంత్రం చెడిపోలేదు, ఉన్న నిజం చెప్పింది.

డిజిటల్ ధ్వని వచ్చాక ఈ కూడిక తీసివేతల అవసరం తగ్గింది. డిజిటల్ పద్ధతిలో ధ్వని తరంగాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా భద్రపరుస్తారు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కులో ఒక్కొక్క మార్గానికి సెకనుకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 16 బిట్లు ఉంటాయి. మనిషి చెవి గరిష్ఠంగా 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే తరంగాన్ని తిరిగి నిర్మించవచ్చునన్న సూత్రమే ఈ సంఖ్యకు మూలం. ఇలా కుదించకుండా భద్రపరచిన అంకెల ధారనే పీసీఎం అంటారు.

ఆరు మార్గాలకు సెకనుకు 48,000 కొలతల చొప్పున లెక్కిస్తే మొత్తం 46,08,000 బిట్లు అవుతాయి. అంత భారాన్ని సినిమా ఫిల్మూ, డీవీడీ సులభంగా మోయలేవు. డాల్బీ డిజిటల్ డీవీడీలో దీన్ని 4,48,000 బిట్లకు, అంటే దాదాపు పదోవంతుకు కుదిస్తుంది. మిగిలినదంతా ఏమైనట్లు? డప్పు మోగుతున్న క్షణాన పక్కనున్న గాజుల సవ్వడి మనకు వినిపించదు. పెద్ద శబ్దం తన సమీపంలోని చిన్న శబ్దాన్ని కప్పివేస్తుంది. ఎలాగూ చెవికి అందని ఆ వివరాలకు బిట్లు కేటాయించకుండా ఆదాచేయడమే ఇందులోని రహస్యం. 1992లో బ్యాట్‌మన్ రిటర్న్స్ చిత్రంతో డాల్బీ డిజిటల్, మరుసటి ఏడాది జురాసిక్ పార్క్‌తో డీటీఎస్ థియేటర్లలో ప్రవేశించాయి.

ఈ పద్ధతులలో ముందు మూడు, వెనుక రెండు, మొత్తం అయిదు మార్గాలు పూర్తిగా దేనికది వేరుగా ఉంటాయి. ఆరవది పిడుగులు, పేలుళ్ళ వంటి మంద్రధ్వనులకే ప్రత్యేకించినది. అది 120 హెర్ట్జ్‌లకు లోబడి, చాలా కొద్ది పరిధిలోనే పనిచేస్తుంది. అందుకే దాన్ని ఒక పూర్తి మార్గంగా లెక్కించక .1 అని రాస్తారు. ఇక్కడ రిసీవర్ ఊహించవలసింది ఏమీ లేదు. అందినదాన్ని విప్పి పంచడమే.

కాని అది అందాలి కదా! ఎరుపు, తెలుపు తీగలు మోయగలిగినవి రెండే మార్గాలు. 5.1 ధ్వని రిసీవరుకు చేరాలంటే ఆప్టికల్ తీగ గాని, డిజిటల్ కోయాక్సియల్ తీగ గాని, హెచ్‌డీఎంఐ తీగ గాని ఉండాలి. మొదటి రెండింటిలో కుదించిన 5.1 ప్రయాణించగలదు, కుదించని పీసీఎం అయితే రెండు మార్గాలే వెళ్ళగలవు. 2002లో రూపొందిన హెచ్‌డీఎంఐ కుదించని బహుమార్గ ధ్వనిని కూడా మోస్తుంది. తీగ సరైనదైనా చాలదు. ప్లేయర్‌లో గాని టెలివిజన్‌లో గాని ధ్వని నిర్గమానికి పీసీఎం, బిట్‌స్ట్రీమ్ అనే రెండు ఎంపికలు ఉంటాయి. ఆప్టికల్ తీగ ఉన్నప్పుడు పీసీఎం ఎంచుకుంటే ప్లేయరే ఆరు మార్గాలనూ రెండుగా కలిపి పంపుతుంది. బిట్‌స్ట్రీమ్ ఎంచుకుంటే ముడి విప్పకుండా రిసీవరుకు అప్పగిస్తుంది. రిసీవర్ ముఖంపై డాల్బీ డిజిటల్ అనో, డీటీఎస్ అనో కనిపించిందా లేదా అన్నదే పరీక్ష. 2012లో థియేటర్లకూ, ఆ తరువాత ఇళ్ళకూ వచ్చిన డాల్బీ అట్మాస్ పైకప్పు దిశ నుండి కూడా ధ్వనిని వినిపిస్తుంది. దానికీ ఈ నియమమే: ముద్రణలో ఉండాలి, తీగలో రావాలి, అప్పుడే వినిపించాలి.

ఇక హాల్, స్టేడియం వంటివి మూడవ జాతి. యమహా సంస్థ 1986లో డీఎస్‌పీ-1 అనే పరికరాన్ని విడుదల చేసింది. నిజమైన సంగీతశాలలలో ధ్వని గోడలను తాకి ఎలా ప్రతిఫలిస్తుందో కొలిచి, ఆ ప్రతిఫలనాలను అంకెల రూపంలో అందులో పొందుపరచింది. శాస్త్రీయంగా అది మెచ్చదగిన కృషే. అయితే తరువాత ఎన్నో రిసీవర్లలో అటువంటి మీటలు అలంకారప్రాయంగా చేరాయి. పాటను ముద్రించినప్పుడే స్టూడియోలో కొంత ప్రతిధ్వనిని చేర్చి ఉంటారు. దానిపై మళ్ళీ హాలును ఎక్కించడం ఉప్పు వేసిన కూరలో మరోసారి ఉప్పు వేయడమే. క్రికెట్ ఆటకు స్టేడియం మీట నొక్కితే నాకు అభ్యంతరం లేదు గాని, ఘంటసాల గొంతుకు మాత్రం అది అన్యాయం. ఆ గొంతును స్టీరియో లేదా డైరెక్ట్ మీటతో వినడమే మేలు. డైరెక్ట్‌లో రిసీవర్ తన సొంత కల్పనలేవీ చేర్చదు.

పాతదాన్ని కొత్తగా మార్చడమే తప్పని దీని అర్థం కాదు. 1957 నాటి మాయాబజార్‌ను రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు దాని ఏకమార్గ ధ్వనిని డీటీఎస్‌కు మార్చారు. అక్కడ నిపుణులు సన్నివేశాన్ని చూసి, ఏ ధ్వని ఎక్కడ ఉండాలో తీర్మానించగలరు. హాల్ మీటకు శశిరేఖ ఎవరో, ఘటోత్కచుడు ఎవరో తెలియదు.

స్పీకర్ల అమరిక గురించి కొద్దిగా చెప్పాలి. మధ్య స్పీకరు తెరకు దగ్గరగాను, ఎడమ కుడి స్పీకర్లు వినేవారికి చెరొక ముప్పై డిగ్రీల కోణంలోను, వెనుకవి చెవులకు కొంచెం వెనుకగా రెండు పక్కలా ఉండాలి. మన ఇళ్ళలో అవి తరచుగా షోకేసు మీదికీ, బీరువా మీదికీ చేరుతుంటాయి. ధ్వని ఒక మీటరు ప్రయాణించడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే ధ్వని రెండు చోట్ల నుండి కొద్ది తేడాతో వస్తే చెవి మొదట చేరినదాని దిక్కునే నమ్ముతుంది. అందుకే ప్రతి స్పీకరు దూరాన్నీ కొలిచి రిసీవర్‌లో నమోదు చేయాలి. దగ్గరి స్పీకరును అది తగినంత ఆలస్యంగా మోగిస్తుంది.

ఆనాడు మిత్రుని ఇంట్లో నేను చేసింది రెండు పనులే. ఎరుపు, తెలుపు తీగలు తీసి ఆప్టికల్ తీగ పెట్టాను. ప్లేయర్‌లో పీసీఎంను బిట్‌స్ట్రీమ్‌గా మార్చాను. రిసీవర్ ముఖంపై మొదటిసారిగా డాల్బీ డిజిటల్ అని వెలిగింది. అదే సినిమాను అదే సన్నివేశం నుండి మళ్ళీ పెట్టాం. తల్లీకొడుకుల మాటలు తెర దగ్గరికి చేరుకున్నాయి. మిత్రుడు లేచి వెళ్ళి వెనుక స్పీకరుకు చెవి ఆనించి, “ఇది మోగడం లేదండీ, ఏదో పాడుచేసినట్లున్నారు” అన్నారు, కాస్త నిష్ఠూరంగా. నేను కూర్చోమన్నాను. రెండు నిమిషాల తరువాత తెరమీద ఉరిమింది. వాన మొదలైంది. ఆయన ఒక్కసారి వెనుదిరిగి కిటికీ వైపు చూశారు.