గుత్త పట్టినోనికి జేబుల ఫోనే మునీం

ఐటీఐల ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, రెండు మూడేండ్లు పెద్ద మేస్త్రి కింద చేసి, ఇగ సొంతంగ ఇండ్ల వైరింగ్ గుత్తకు పడుతున్న పోరగాండ్లు ఇయ్యాల శానా ఊర్లల్ల ఉన్నరు. పొద్దుగూకేదాంక గోడలకు గాడి కొడ్తరు, పైపులేస్తరు, వైర్లు గుంజుతరు. ఇల్లు పూర్తయినంక చేతిల ఏం మిగిలిందంటె మాత్రం చెప్పలేరు. కొందరైతె కూలోళ్ళకు ఇచ్చేటందుకు మిత్తికి తెస్తున్నరు. పని రాక వచ్చిన తిప్పలు కావు ఇవి. నేను చూసినంతల పైసలు జారిపోయే తొవ్వలు ఐదు. అండ్ల శానామట్టుకు మీ జేబుల ఉన్న ఫోన్ తోటే బంద్ చెయ్యొచ్చు. పైసలు పెట్టి కొత్త యాప్ కొనుడు అవసరం లేదు.

మొదటిది ఎక్స్‌ట్రా పాయింట్లు. పని నడుస్తుండంగ ఇంటాయన వచ్చి "తమ్మీ, గీడొక ప్లగ్గు పెట్టు, గాడొక ఫ్యాన్ పాయింట్ ఇయ్యి" అంటడు. మొకమాటానికి పెడ్తరు. లెక్క కోసం అనుకుందాం: 80 పాయింట్లకు గుత్త మాట్లాడుకున్నరు, ఆఖరికి 94 అయినయ్. పాయింట్‌కు 450 చొప్పున 14 పాయింట్లకు 6,300 రూపాయలు. చివరి నాడు అడిగితె "గప్పుడే ఎందుకు చెప్పలే" అంటడు. అందుకే గాడి కొట్టకముందే వాట్సాప్‌ల రాయాలె: "అన్నా, వంటింట్ల ఒక ప్లగ్గు ఎక్కువ, 450 అయితది, పెట్టాల్నా?" ఆయన "సరే" అన్నంకనే సుత్తె పట్టాలె. నోటి మాట అయితె, ఆ మాటనే మళ్ళ మెసేజ్ పెట్టాలె. మొదట్ల మాట్లాడుకున్న రేటు, ఎన్ని పాయింట్లు, సామాను ఎవరిది, ఏ దశల ఎంత పైసలు, ఇవన్నీ సుత అట్లనే.

పైసలు ఎగ్గొడితె ఈ మెసేజ్‌లే పనికొస్తయ్. చేసిన పనికి పైసల కోసం సివిల్ కోర్టుకు పోయేటందుకు 1963 లిమిటేషన్ చట్టం మామూలుగ 3 ఏండ్ల గడువు ఇస్తది. 2023 భారతీయ సాక్ష్య అధినియం ఫోన్ల ఉన్న రికార్డులను సుత సాక్ష్యంగ ఒప్పుకుంటది, దానికి చట్టం చెప్పిన సర్టిఫికెట్ జత చెయ్యాలె. అందుకే పని అయిపోంగనే చాట్ డిలీట్ చెయ్యొద్దు.

రెండోది మళ్ళీ మళ్ళీ పగలగొట్టుడు. ప్లాస్టరింగ్ అయినంక పైపు యాడ పోయిందో ఎవ్వరికీ యాదికుండదు. కప్‌బోర్డులోడు డ్రిల్ పెడ్తడు, వైరు తెగుతది, పేరు మీకొస్తది. గోడ మూయకముందే ప్రతి గోడకు ఫోటో తియ్యాలె. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం ఉందో తెలిసేటట్టు టేపు పట్టి తియ్యాలె. కెమెరా సెట్టింగ్‌ల లొకేషన్ ఆన్ చేస్తె ఫోటో తోటి తేదీ, జాగ రెండూ ఉంటయ్. ఇంటికొక ఫోల్డర్ చేసి గూగుల్ డ్రైవ్‌ల పెట్టాలె. ఖాతాకు మామూలుగ 15 జీబీ ఫ్రీగనే వస్తది. ఫోన్ పలిగినా ఫోటోలు పోవు.

మూడోది సామాను. ఇంటి వైరు కాయిల్ మామూలుగ 90 మీటర్లు ఉంటది. అందాజ మీద తెస్తె ఒక సైజు మిగుల్తది, ఇంకో సైజు తక్కువ పడ్తది. ముందుగాల రూములు కొలిచి, బోర్డు నుంచి పాయింట్‌దాంక ఎంత వైరు పడ్తదో గూగుల్ షీట్ల వేసుకోవాలె. లేజర్ కొలత మిషిన్ రెండు మూడు వేలల్ల దొర్కుతది, ఎత్తు గోడలు ఒక్కడే కొలవొచ్చు. ఫోన్ కెమెరాతోటి కొలిచే యాప్‌లు అందాజకే, వాటిని నమ్మి సామాను తేవొద్దు. అదే షీట్ల వచ్చింది, వాడింది, మిగిలింది అని మూడు గడులు పెడితె, ఏ ఇంటి కాడ సామాను మాయమైతుందో వారంల తెలుస్తది.

నాలుగోది హాజరు. కూలోళ్ళ లెక్క మనసుల పెట్టుకుంటె కొట్లాట తప్పదు. రోజు సాయంత్రం ఎవరొచ్చిన్రు, పూట పనా, పూర్తి రోజా, అడ్వాన్స్ ఎంత తీసుకున్నరు అని రాసి, పనోళ్ళ గ్రూపుల పెట్టాలె. ఈ లెక్క వాళ్ళకు కనవడాలె. నిన్నటిదాంక మీరు సుత కూలికి పోయినోళ్ళే. ఇంటాయన మీకు ఎగ్గొట్టొద్దంటె, మీరు మీ కింద పనిచేసెటోనికి ఎగ్గొట్టొద్దు. లాస్ వచ్చినప్పుడల్లా కూలిల కోసుడు అలవాటైతె మంచి పనోడు మీ కాడ నిలవడు.

ఐదోది పైసలు చేతికొచ్చే కాడ. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ చూపిస్తె నమ్మొద్దు, మీ బ్యాంకు ఖాతాల పడిందా చూడాలె. పైసలు తీసుకునేటందుకు పిన్ కొట్టే పని లేదు, కొట్టమంటె అది మోసం. కంపెనీ బిల్డర్ కింద చేస్తె ఇంకో లెక్క ఉంది. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాదిల అన్ని కలిపి 1,00,000 దాటినా, మీ సొంత పేరు మీది బిల్లుకు 1 శాతం టీడీఎస్ కోస్తరు. పాన్ ఇయ్యకుంటె 20 శాతం. 6,00,000 బిల్లులకు 1 శాతం అంటె 6,000. ఆ కోత మీ పాన్ మీద జమైందా లేదా ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్ల చూడొచ్చు. మీకు పన్ను పడకుంటె రిటర్న్ వేసి వాపస్ తెచ్చుకోవచ్చు. శానామంది అడుగనే అడుగరు, ఆ పైసలు ఆడనే ఉంటయ్.

ఇదంతా రోజుకు పావుగంట పని. ఇన్ని ఒక్కసారి షురు చేస్తె వారంల ఇడ్సిపెడ్తరు. ఇప్పుడు నడుస్తున్న ఇంటికి ఒక ఫోల్డర్, ఒక షీట్ చేసి, ఇయ్యాల్టి ఫోటోలు, ఇయ్యాల్టి హాజరు ఎక్కించండ్రి. ఆ ఇల్లు పూర్తయిన నాడు కూసొని కూడండ్రి. మిగిలింది ఎంతో, పోయింది యాడనో కండ్లముందు ఉంటది. రాబోయే ఇంటికి రేటు మాట్లాడేటప్పుడు పక్కోడు ఎంత తీసుకుంటున్నడని కాకుండ, మీకు ఎంత పడ్తదో తెలిసి మాట్లాడ్తరు.