దాళ్వా వరికి నీరు ఎప్పుడు పెట్టాలో చెప్పే చిన్న దీపం: ఇంట్లోనే తయారు చేసుకునే విధానం

గోదావరి డెల్టాలో సార్వాకు నీటి కొరత అంతగా ఉండదు. దాళ్వా వచ్చేసరికి నదిలో సహజ ప్రవాహం తగ్గిపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీకి సీలేరు నుంచి వదిలే నీటిపై ఆధారపడాల్సి వస్తుంది. కాలువలకు వంతులవారీగా నీరిస్తారు. ఎగువన ఉన్న రైతు మడి నిండా నీరు నిలబెడితే శివారు చేలకు అందదు. ఫిల్టర్ పాయింట్ ఉన్న రైతు అవసరం లేకపోయినా మోటారు వేస్తే కరెంటు, డీజిలు దండగ.

వరి చేలో ఎప్పుడూ నీరు నిలబడి ఉండాల్సిన పని లేదు. మడిలో నీరు ఇంకి, నీటిమట్టం నేలకు 15 సెం.మీ. లోతుకు దిగిన తరువాత మళ్లీ 5 సెం.మీ. నీరు పెడితే సరిపోతుంది. దీన్నే తడి–పొడి పద్ధతి అంటారు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చెప్పే ఈ పద్ధతిలో 30 శాతం వరకు నీరు ఆదా అవుతుంది. చిక్కల్లా ఒక్కటే. నేల పైన నీరు కంటికి కనబడుతుంది, నేల కింద నీరు కనబడదు. అందుకే రంధ్రాలు చేసిన గొట్టాన్ని మడిలో పాతి, అందులోకి చూడమంటారు. ఆ గొట్టానికే ఒక చిన్న దీపం అమర్చుకుంటే గట్టు మీద నుంచే సంగతి తెలుస్తుంది.

పిల్లలు చొక్కాకు పెట్టుకునే మెరిసే బ్యాడ్జీని ఒక చిన్న మైక్రోకంట్రోలర్, రెండు దీపాలు, సెల్స్‌తో ఇంట్లో తయారు చేయవచ్చు. మన పరికరానికి కూడా అవే చాలు. ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్ చదివే పిల్లలుంటే వారితో చేయించండి. ఖర్చు కొన్ని వందల రూపాయల్లోనే ఉంటుంది.

కావలసినవి

• 30 సెం.మీ. పొడవు, 10 నుంచి 15 సెం.మీ. వెడల్పు గల పీవీసీ గొట్టం, మూత
• ఏటీటైనీ85 మైక్రోకంట్రోలర్ చిప్పు
• ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు ఒక్కొక్కటి, వాటికి 330 ఓంల రెసిస్టర్లు 2
• 100 కిలో ఓంల రెసిస్టర్లు 2
• పెన్ సైజు ఆల్కలైన్ సెల్స్ 3
• స్టెయిన్‌లెస్ స్టీలు సైకిల్ స్పోకులు 3, వాటికి తొడిగే ప్లాస్టిక్ గొట్టం
• నీరు చొరబడని పారదర్శక డబ్బా, వెదురు కర్ర, వైర్లు

తయారీ

గొట్టం కింది 20 సెం.మీ. భాగానికి 2 సెం.మీ. ఎడంగా చిన్న రంధ్రాలు చేయాలి. మట్టి లోపలికి రాకుండా పాత దోమతెర గుడ్డ చుట్టాలి. మూతకు మూడు స్పోకులు ఒకదానికొకటి తగలకుండా బిగించాలి. మూత నుంచి కిందికి మొదటిది 27 సెం.మీ., రెండోది 25 సెం.మీ., మూడోది 5 సెం.మీ. ఉండాలి. కొసన 1 సెం.మీ. వదిలి మిగతా భాగమంతా ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. లేకపోతే మంచు తడికే పరికరం తప్పు చూపిస్తుంది. మూత పైన వైరు అతుకులను ఎం-సీల్‌తో కప్పాలి.

మొదటి స్పోకును సెల్స్ మైనస్‌కు కలపాలి. మిగతా రెండింటినీ చిప్పులోని రెండు కాళ్లకు కలపాలి. ఆ రెండు కాళ్ల నుంచి ఒక్కొక్క 100 కిలో ఓంల రెసిస్టరును చిప్పు మూడో కాలికి కలపాలి. మిగిలిన రెండు కాళ్లకు దీపాలు.

ప్రోగ్రాము 8 సెకన్లకొకసారి మేల్కొని, మూడో కాలికి క్షణకాలం కరెంటు ఇచ్చి, స్పోకుల మధ్య నీరుందో లేదో చూసి, దీపం మెరిపించి మళ్లీ నిద్రపోవాలి. ఈ నిద్ర ముఖ్యం. స్పోకులకు ఎప్పుడూ కరెంటు ఉంటే నీటిలో త్వరగా తినిపోతాయి, సెల్స్ కూడా అయిపోతాయి. ఆర్డుయినో ఊనో బోర్డును నేరుగా పెడితే 40–50 మిల్లీ ఆంపియర్లు లాగి, 2000 మిల్లీ ఆంపియర్ గంటల సెల్స్‌ను రెండు రోజుల్లో ఖాళీ చేస్తుంది. ఊనోను చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించడానికి మాత్రం వాడుకోండి. నిద్రపోయే చిప్పుతో అవే సెల్స్ పంటకాలమంతా వస్తాయి.

దీపం చెప్పేది

• ఆకుపచ్చ రెండుసార్లు: 5 సెం.మీ. నీరుంది. బోదె కట్టేయండి, మోటారు ఆపండి.
• ఆకుపచ్చ ఒకసారి: నీరు చాలు, ఆగవచ్చు.
• ఎరుపు: నీరు 15 సెం.మీ. కిందికి దిగింది. తడి ఇవ్వండి.
• ఏదీ మెరవకపోతే: సెల్స్ అయిపోయాయి లేదా వైరు ఊడింది. నీరుందని అనుకోకండి, గొట్టంలోకి చూడండి.

ముందు ఇంటి దగ్గర లోతైన డ్రమ్ములో నీరు పోసి, తీసి, మూడు సంకేతాలూ సరిచూసుకోండి. తరువాత గట్టుకు దగ్గరగా, మడి సగటు మట్టం ఉన్నచోట గొట్టాన్ని 20 సెం.మీ. లోతుకు దించి, లోపలి మట్టి తీసేయండి. డబ్బాను పైరు కంటే ఎత్తుగా వెదురు కర్రకు కట్టండి. ఎండలో దీపం సరిగా కనబడదు, తెల్లవారుజామున లేదా పొద్దుగూకాక చూడండి. వారానికోసారి గొట్టంలో పుల్ల పెట్టి మట్టం కొలిచి, స్పోకుల కొసలు తుడవండి.

తప్పనిసరి జాగ్రత్తలు

1. ఊడ్పు తరువాత మొదటి రెండు వారాలు పలుచగా నీరు ఉంచాలి. లేకపోతే కలుపు పెరుగుతుంది.
2. చిరుపొట్ట దశ నుంచి గింజ పాలు పోసుకునే వరకు ఎరుపు దీపం కోసం ఆగకూడదు. 5 సెం.మీ. నీరు నిలకడగా ఉంచాలి. ఈ దశలో ఎద్దడి వస్తే తాలు గింజలు పెరుగుతాయి.
3. సముద్రతీర చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు. నేల ఆరితే ఉప్పు పైకి వస్తుంది.
4. నల్లరేగడిలో పెద్ద నెర్రెలు రాకముందే తడి ఇవ్వాలి. నెర్రెలిస్తే పెట్టిన నీరంతా కిందికి పోతుంది.
5. ఈ పరికరాన్ని మోటారు స్టార్టరుకు కలపకండి. త్రీఫేజ్ కరెంటుతో ప్రాణాపాయం.

వంతు నీటి మీద ఆధారపడే రైతులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మీ వంతు వచ్చిన రోజున ఎరుపు వెలగలేదని నీరు వదులుకోవద్దు, తరువాతి వంతు లోపు చేను ఎండవచ్చు. వంతు రోజున మీకు పనికొచ్చేది ఆకుపచ్చ దీపం. అది రెండుసార్లు మెరవగానే బోదె కడితే కింది రైతుకు నీరు వెళుతుంది. సొంత బోరు, ఫిల్టర్ పాయింట్ ఉన్నవారికి ఎరుపు దీపం ఎక్కువ ఉపయోగం.

మొదటి ఏడాది ఒక్క మడిలోనే పెట్టి చూడండి. ఎన్ని తడులు తగ్గాయో, దిగుబడి ఎలా ఉందో పక్క మడితో పోల్చి రాసుకోండి. మీ నేలకు తడి–పొడి పద్ధతి నప్పుతుందో లేదో సందేహం ఉంటే రైతు సేవా కేంద్రంలో గానీ, మార్టేరు వరి పరిశోధనా స్థానంలో గానీ అడిగి మొదలుపెట్టండి.